పది శాతం అంటే ఎన్ని నిమిషాలు?



గత సంవత్సరం ఒక సాయంత్రం మా మద్రసాలో ఉండి చదువుకునే ఒక బాలుడికి ఉపకారవేతనం దరఖాస్తు నింపుతూ కూర్చున్నాను. ఆ రోజే చివరి గడువు. అతని తండ్రి దినకూలీ. ఆదాయ ధ్రువపత్రం చేతికి అందడంలో ఆలస్యం జరిగినందున దరఖాస్తు ఆఖరి రోజు వరకు వచ్చింది. మగ్రిబ్ తర్వాత కాసేపటికి కరెంటు పోయింది. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది కనుక పని ఆపలేదు. కొంతసేపటికి తెర మూలన ఒక చిన్న హెచ్చరిక కనిపించింది. బ్యాటరీ 10 శాతమే మిగిలి ఉందని దాని సారాంశం.

"ఉస్తాద్, ఛార్జింగు అయిపోతున్నట్టుంది" అన్నాడు బాలుడు.

"ఇంకా పది శాతం ఉంది కదా బేటా, అరగంటైనా వస్తుంది. మనకు మిగిలింది ఒక్క పేజీయే" అన్నాను.

నాలుగు నిమిషాలు గడవకముందే తెర నల్లబడింది. ఫోనులో మళ్ళీ మొదటి నుంచి ప్రారంభించాం. కానీ ధ్రువపత్రాల ప్రతులన్నీ లాప్‌టాప్‌లోనే ఉండిపోయాయి. అసలు కాగితాలేమో పక్క ఊళ్ళో అతని ఇంట్లో ఉన్నాయి. కరెంటు అర్ధరాత్రి దాటాక వచ్చింది. ఆ ఏడాది ఆ బాలుడికి ఉపకారవేతనం అందలేదు.

కరెంటు పోవడం మన చేతిలో లేదు. కానీ యంత్రం ముందుగానే హెచ్చరించింది. ఆ హెచ్చరికకు అర్థమేమిటో నాకు తెలియకపోవడమే అసలు లోపం. పది శాతమంటే అరగంట అని ఎవరూ నాకు చెప్పలేదు, నేనే ఊహించుకున్నాను. ఆ తర్వాత ఈ విషయం నేర్చుకోవడానికి రెండు రోజులు పట్టింది. మన ఇళ్ళలో పిల్లల చదువులు, దరఖాస్తులు, పరీక్షలు, కొందరి ఉద్యోగాలు కూడా ఈ యంత్రం మీదే నడుస్తున్నాయి కనుక, నేను నేర్చుకున్నది ఈ నెల మీ ముందు ఉంచుతున్నాను.

శాతం వేరు, సమయం వేరు

లాప్‌టాప్ చూపించే శాతం కాలాన్ని తెలిపే కొలత కాదు. బ్యాటరీ ఈనాడు నింపుకోగలిగిన మొత్తంలో ఎంత భాగం మిగిలి ఉందో మాత్రమే అది చెబుతుంది. కుండలో పదో వంతు నీళ్ళున్నాయంటే, అవి ఎంతసేపు వస్తాయో తెలియాలంటే కుండ పరిమాణం తెలియాలి, నీళ్ళు ఎంత వేగంగా వాడుతున్నామో కూడా తెలియాలి. బ్యాటరీ విషయంలోనూ ఈ రెండే ముఖ్యం.

బ్యాటరీ పరిమాణాన్ని వాట్ అవర్లలో కొలుస్తారు. ఉదాహరణకు 40 వాట్ అవర్ల కొత్త బ్యాటరీని తీసుకుందాం. దానిలో 10 శాతం అంటే 4 వాట్ అవర్లు. మీరు కేవలం టైపు చేసుకుంటూ, తెర వెలుగు తగ్గించి, గంటకు 10 వాట్ అవర్ల చొప్పున ఖర్చు చేస్తుంటే ఆ పది శాతం 24 నిమిషాలు వస్తుంది. అదే యంత్రంలో వీడియో తరగతి నడుస్తూ, కెమెరా తెరిచి ఉండి, ఖర్చు రెట్టింపైతే 12 నిమిషాలే. ఇక బ్యాటరీ పాతబడి దాని సామర్థ్యం సగానికి పడిపోయిందనుకోండి, అదే పది శాతం 6 నిమిషాలకే సరిపోతుంది. తెర మీద అంకె మూడు సందర్భాలలోనూ ఒకటే. మనకు లభించే సమయం మాత్రం 24 నిమిషాల నుంచి 6 నిమిషాలకు దిగిపోయింది.

ఇంకొక చిక్కు కూడా ఉంది. పాత బ్యాటరీ చివరి వరకు క్రమంగా దిగదు. ఎనిమిది శాతమో ఆరు శాతమో చూపిస్తూ ఉండగానే దాని వోల్టేజి ఒక్కసారిగా పడిపోయి యంత్రం ఆగిపోతుంది. నా విషయంలో జరిగింది ఇదే.

తయారైనప్పటి నుంచి ఉన్న కొలతలు

విండోస్ లాప్‌టాప్‌లలో హెచ్చరికలకు సాధారణంగా మూడు మెట్లుంటాయి. మొదటిది 'లో బ్యాటరీ', అంటే ఛార్జింగు తగ్గిందని చెప్పే మెట్టు. ఇది సాధారణంగా 10 శాతం దగ్గర ఉంటుంది. రెండవది 'రిజర్వ్ బ్యాటరీ', ఇక నిల్వలో ఉన్నదే వాడుతున్నామని చెప్పేది, 7 శాతం. మూడవది 'క్రిటికల్ బ్యాటరీ', అత్యవసర స్థితి, 5 శాతం. మొదటి రెండూ మనిషికి చెప్పే మాటలు. మూడవ మెట్టు దగ్గర యంత్రం ఇక మన కోసం ఎదురుచూడదు. తనకు ముందే అప్పగించిన పనిని తానే చేసేస్తుంది.

కొత్త బ్యాటరీకి ఈ కొలతలు చాలావరకు సరిపోతాయి. కానీ మన ఇళ్ళలో లాప్‌టాప్ నాలుగైదేళ్ళు వాడతాం. పెద్దవాడి చదువు ముగిశాక తమ్ముడికో చెల్లెలికో ఇస్తాం. కొందరు వాడినదే కొంటారు. బ్యాటరీ వయసు పెరుగుతుంది. హెచ్చరిక అంకె మాత్రం మొదటి రోజు ఎక్కడ ఉందో అక్కడే ఉంటుంది. దానిని మార్చే అధికారం మనకు ఉందన్న సంగతి చాలామందికి తెలియదు.

ముందుగా బ్యాటరీ ఆరోగ్యం తెలుసుకోండి

అంకె మార్చేముందు బ్యాటరీ ఏ స్థితిలో ఉందో చూసుకోవాలి. స్టార్ట్ బటన్ నొక్కి కమాండ్ ప్రాంప్ట్ అని వెతికి తెరవండి. నల్లని కిటికీ ఒకటి వస్తుంది. అందులో ఇంగ్లీషులో పవర్ అనే మాట, దానికి ఆనుకుని సి, ఎఫ్, జి అనే మూడు అక్షరాలు టైపు చేయండి. ఒక ఖాళీ విడిచి, ముందుకు వాలిన ఏటవాలు గీత పెట్టి, బ్యాటరీ, రిపోర్ట్ అనే రెండు మాటలను కలిపి ఒకే మాటగా రాసి ఎంటర్ నొక్కండి. నివేదిక ఏ ఫోల్డరులో చేరిందో యంత్రమే చెబుతుంది. ఆ ఫైలును బ్రౌజరులో తెరవండి.

అందులో 'డిజైన్ కెపాసిటీ' అన్న చోట ఉన్నది తయారైనప్పటి సామర్థ్యం. 'ఫుల్ ఛార్జ్ కెపాసిటీ' అన్న చోట ఉన్నది ఈనాటి సామర్థ్యం. రెండవ అంకెను మొదటి అంకెతో భాగించి నూటితో గుణిస్తే ఎంత శాతం మిగిలిందో తెలుస్తుంది. మా మద్రసా లాప్‌టాప్‌కు మొదటి అంకె 41,000, రెండవది 16,400 అని వచ్చింది. ఇవి మిల్లీ వాట్ అవర్లు. అంటే 41 వాట్ అవర్ల బ్యాటరీలో ఇప్పుడు 16.4 మాత్రమే నిలుస్తున్నాయి. సరిగ్గా 40 శాతం. తెర మీద నూరు శాతం అని చూసినప్పుడల్లా నేను నిజానికి నలభైనే చూస్తున్నాను.

తర్వాత గడియారంతో కొలవండి

లెక్క కంటే కొలత నమ్మదగినది. ముఖ్యమైన పని ఏదీ లేని ఒక సెలవు రోజు చూసుకోండి. తెరిచి ఉన్న ఫైళ్ళన్నీ సేవ్ చేసి మూసేయండి. బ్యాటరీని పూర్తిగా నింపి, ఛార్జర్ తీసివేసి, మీరు రోజూ చేసే పనే చేయండి. పిల్లలు వీడియో పాఠాలు చూసే యంత్రమైతే వీడియో పాఠమే నడపండి. పక్కన ఒక కాగితం పెట్టుకుని ప్రతి పది శాతానికి సమయం రాయండి. 30 శాతం నుంచి ప్రతి ఐదు శాతానికి రాయండి. చివరికి ఏ అంకె దగ్గర యంత్రం ఆగిపోయిందో, లేదా తానుగా పడుకుందో గుర్తించండి. ఈ పరీక్ష రోజూ చేయవలసినది కాదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలు.

మా లాప్‌టాప్ నూరు నుంచి పదికి దిగడానికి గంటా పావు పట్టింది. 30 నుంచి 10 వరకు 16 నిమిషాలు. 6 శాతం దగ్గర ఏ మాటా చెప్పకుండా ఆగిపోయింది. అంటే 5 శాతం దగ్గర ఉన్న మూడవ మెట్టు వరకు అది ఎన్నడూ చేరడమే లేదు. పని భద్రపరచమని యంత్రానికి అప్పగించిన బాధ్యత కాగితం మీదే ఉండిపోయింది.

ఎంత ముందుగా చెప్పాలి?

ఇప్పుడు మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోండి. హెచ్చరిక వినగానే నా పనిని ఒక క్షేమమైన చోటికి చేర్చడానికి నాకు ఎన్ని నిమిషాలు కావాలి? వ్యాసం రాసుకునే విద్యార్థికి సేవ్ చేయడానికి ఒక నిమిషం చాలు. ఆన్‌లైన్ దరఖాస్తు నింపేవారికి, ప్రతులు ఫోనుకు పంపుకోవడానికి పది నిమిషాలైనా కావాలి. ఆన్‌లైన్ పరీక్ష రాసే పిల్లకు, ఛార్జర్ వెతికి తెచ్చుకోవడానికో, జనరేటరో ఇన్వర్టరో ఉన్న పొరుగింటికి వెళ్ళడానికో పావుగంట కావచ్చు. ఎన్ని నిమిషాలు కావాలో అన్ని నిమిషాలు, మరికొన్ని కలిపి, మీరు రాసుకున్న కాగితంలో వెనక్కి లెక్కపెట్టండి. అక్కడ ఉన్న శాతమే మీ మొదటి హెచ్చరిక.

అత్యవసర మెట్టుకు కొలబద్ద వేరు. యంత్రం ఏ అంకె దగ్గర ఆగిపోయిందో దానికి కనీసం ఐదారు శాతం పైన దానిని నిలపండి. ఎందుకంటే పనిని డిస్కు మీదికి చేర్చి ఆరిపోవడానికి యంత్రానికి కూడా కొంత శక్తి మిగలాలి. మా లాప్‌టాప్‌లో మొదటి హెచ్చరిక 30, నిల్వ హెచ్చరిక 20, అత్యవసర మెట్టు 12 అని పెట్టాను. మొదటి దానికీ చివరి దానికీ మధ్య నాకు పావుగంట దొరుకుతుంది. ఈ మూడు అంకెలూ పై నుంచి కిందికి ఇదే వరుసలో తగ్గాలి. అత్యవసర మెట్టు మొదటి హెచ్చరిక కంటే పైన ఉండకూడదు.

మార్చే విధానం

స్టార్ట్ బటన్ నొక్కి 'ఎడిట్ పవర్ ప్లాన్' అని ఇంగ్లీషులో టైపు చేసి తెరవండి. అందులో కింద 'చేంజ్ అడ్వాన్స్‌డ్ పవర్ సెట్టింగ్స్' అని ఉంటుంది. దానిని నొక్కితే ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. దాని అడుగు భాగానికి వెళితే 'బ్యాటరీ' అనే మాట, దాని పక్కన కూడిక గుర్తు కనిపిస్తాయి. ఆ గుర్తును నొక్కండి.

ఇప్పుడు మెట్లన్నీ ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. ప్రతిదానికీ రెండు విలువలుంటాయి: 'ఆన్ బ్యాటరీ' అన్నది ఛార్జర్ లేనప్పటిది, 'ప్లగ్‌డ్ ఇన్' అన్నది ఛార్జర్ ఉన్నప్పటిది. మనకు కావలసింది మొదటిదే. 'లో బ్యాటరీ లెవెల్' దగ్గర మీ మొదటి అంకె, 'రిజర్వ్ బ్యాటరీ లెవెల్' దగ్గర రెండవది, 'క్రిటికల్ బ్యాటరీ లెవెల్' దగ్గర మూడవది పెట్టండి. 'లో బ్యాటరీ నోటిఫికేషన్', 'క్రిటికల్ బ్యాటరీ నోటిఫికేషన్' అనే రెండూ 'ఆన్' అని ఉన్నాయో లేదో చూడండి. ఎవరో విసుగుతో ఆపివేసి ఉంటే అంకెలు ఎన్ని మార్చినా ప్రయోజనం ఉండదు. చివరగా 'అప్లై', ఆ తర్వాత 'ఓకే' నొక్కండి.

ఒక జాగ్రత్త. ఈ మార్పు ప్రస్తుతం అమలులో ఉన్న పవర్ ప్లానుకు మాత్రమే వర్తిస్తుంది. మీ యంత్రంలో ఒకటి కంటే ఎక్కువ ప్లానులు ఉండి, వాటిని మారుస్తూ వాడే అలవాటుంటే ప్రతి ప్లానులోనూ ఇదే మార్పు చేయాలి.

ఎవరూ వినకపోతే యంత్రం ఏం చేయాలి?

అదే పెట్టెలో 'క్రిటికల్ బ్యాటరీ యాక్షన్' అని ఒకటి ఉంది. అత్యవసర మెట్టు చేరినప్పుడు ఏం చేయాలో అక్కడ నిర్ణయిస్తాం. పిల్లలు లాప్‌టాప్ తెరిచి ఉంచి భోజనానికి వెళ్ళినప్పుడు, మనం నిద్రలోకి జారుకున్నప్పుడు మన పనిని కాపాడేది ఈ ఒక్క నిర్ణయమే.

'స్లీప్' ఎంచుకుంటే యంత్రం నిద్రపోతుంది కానీ, చేస్తున్న పనిని జ్ఞాపకంలో నిలుపుకోవడానికి కొద్దిగా బ్యాటరీ వాడుతూనే ఉంటుంది. ఆ కొద్దిపాటి కూడా అయిపోతే సేవ్ చేయని పని పోతుంది. అత్యవసర స్థితిలో ఇది నమ్మదగిన మార్గం కాదు. 'షట్ డౌన్' ఎంచుకుంటే యంత్రం ఆరిపోతుంది. సేవ్ చేయనివి మిగులుతాయన్న భరోసా లేదు. 'హైబర్నేట్' ఎంచుకుంటే తెరిచి ఉన్నవన్నీ ఉన్నవి ఉన్నట్టుగా డిస్కు మీద రాసిపెట్టి పూర్తిగా ఆరిపోతుంది. ఆ తర్వాత బ్యాటరీ సున్నా అయినా ఇబ్బంది లేదు. కరెంటు వచ్చాక తెరిస్తే మీరు ఆపిన వాక్యం దగ్గరే ఉంటారు. కనుక ఇక్కడ 'హైబర్నేట్' ఉండటమే మంచిది.

ఆ మాట మీ యంత్రంలో కనిపించకపోతే, కమాండ్ ప్రాంప్ట్‌ను కుడి బటన్ నొక్కి 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' ద్వారా తెరిచి, ఇందాకటి పవర్ సి ఎఫ్ జి మాట తర్వాత ఖాళీ, ఏటవాలు గీత, దానికి ఆనుకుని హైబర్నేట్ అనే మాట, మళ్ళీ ఖాళీ, ఆన్ అనే మాట రాసి ఎంటర్ నొక్కాలి.

ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. వెబ్‌సైటులో నింపుతున్న దరఖాస్తు తెర మీద అలాగే ఉన్నా, ఎక్కువసేపు గడిస్తే ఆ వెబ్‌సైటు మళ్ళీ లాగిన్ అడగవచ్చు, నింపినది పోవచ్చు. గడువు ఉన్న పనికి హైబర్నేట్ కంటే ముందస్తు హెచ్చరికే ఎక్కువ మేలు చేస్తుంది.

హెచ్చరిక చెవిన పడాలి

తెర మూలన కనిపించే చిన్న అక్షరాలు పనిలో మునిగిన కంటికి ఆనవు. ఒక యాప్‌ను తెర నిండా తెరిచినప్పుడు విండోస్ 11 తనంతట తానే 'డూ నాట్ డిస్టర్బ్' స్థితికి మారి నోటిఫికేషన్లను పక్కన పెట్టవచ్చు. తరగతి వింటున్న పిల్లకు హెచ్చరిక అసలు కనిపించకపోవడానికి ఇదొక కారణం. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో నోటిఫికేషన్స్ తెరిచి, అది ఏయే సందర్భాలలో తానుగా ఆన్ కావాలో చూసుకుని, అవసరం లేనివి తీసివేయండి.

శబ్దం కూడా మార్చుకోవచ్చు. స్టార్ట్‌లో 'చేంజ్ సిస్టమ్ సౌండ్స్' అని వెతకండి. వచ్చిన జాబితాలో 'లో బ్యాటరీ అలారం', 'క్రిటికల్ బ్యాటరీ అలారం' అని రెండుంటాయి. ఒక్కొక్కదానిని ఎంచుకుని, కింద ఉన్న శబ్దాలలో స్పష్టంగా వినిపించేదాన్ని పెట్టి, 'టెస్ట్' నొక్కి వినండి. రెండింటికీ వేర్వేరు శబ్దాలు పెడితే వంటగదిలో ఉన్న తల్లికి కూడా ఏది సాధారణ హెచ్చరికో, ఏది అత్యవసరమో తెలుస్తుంది. అయితే యంత్రం శబ్దాన్ని మ్యూట్‌లో పెట్టి ఉంటే ఇవేవీ వినిపించవు.

వర్డ్‌లో పని చేసేవారికి మరొక రక్షణ ఉంది. అది సాధారణంగా ప్రతి 10 నిమిషాలకు ఒకసారి తానుగా ఒక ప్రతిని దాచుకుంటుంది. ఆప్షన్స్‌లోని 'సేవ్' విభాగంలో ఈ వ్యవధిని రెండు మూడు నిమిషాలకు తగ్గించుకోవచ్చు. పాత బ్యాటరీ ఉన్న ఇంట్లో ఇది తప్పక చేయవలసిన మార్పు.

ఇంటిల్లిపాదికీ చెప్పండి

మన ఇళ్ళలో ఒకే లాప్‌టాప్‌ను నలుగురు వాడతారు. మొదటి హెచ్చరిక మోగినప్పుడు ఏం చేయాలో నలుగురికీ తెలియాలి. మా మద్రసాలో ఇప్పుడు ఒక చిన్న కాగితం లాప్‌టాప్ మూత మీద అతికించి ఉంది: మొదటి శబ్దానికి సేవ్ చేయాలి, ఛార్జర్ తేవాలి, కరెంటు లేకపోతే కావలసిన ఫైళ్ళు ఫోనుకు పంపాలి, రెండవ శబ్దానికి చేతులు తీసేయాలి. అక్కలు, అన్నలు వాడి ఇచ్చిన యంత్రంలో తమ్ముడి వ్యాసం ఉంటుంది. అది అతని కష్టం, మన దగ్గర ఉన్న అమానతు. హెచ్చరికను మూసేసి ఆట కొనసాగించడం అంటే ఇంకొకరి సొత్తుతో చెలగాటమాడటమే.

బ్యాటరీ సామర్థ్యం మరీ తగ్గిపోయి, హెచ్చరికను 40, 50 శాతానికి జరపవలసి వస్తే, అంకెలు మార్చే దశ దాటిందని గ్రహించి కొత్త బ్యాటరీ వేయించడమే సరైనది. బ్యాటరీ ఉబ్బినట్టు, టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు కనిపిస్తే వెంటనే వాడకం, ఛార్జింగు రెండూ ఆపి, తెలిసిన మెకానిక్‌కు చూపించాలి. అది అగ్నిప్రమాదానికి దారితీయవచ్చు.

ఈ సంవత్సరం అదే బాలుడి దరఖాస్తుకు మళ్ళీ కూర్చున్నాం. ఈసారి గడువుకు వారం రోజులు ముందే. మధ్యలో కరెంటు పోయింది. 30 శాతం దగ్గర శబ్దం మోగగానే బాలుడు నా ముఖం వైపు చూశాడు. నేను ఏమీ అనకముందే ప్రతులన్నీ ఫోనుకు పంపి, నింపిన పేజీని సేవ్ చేశాడు. మిగిలిన పేజీ మరునాడు ఉదయం పూర్తిచేశాం.

ఈ నెల మీ ఇంట్లోని లాప్‌టాప్‌ను ఒకసారి గడియారంతో కొలవండి. ఆ యంత్రంలో పది శాతమంటే ఎన్ని నిమిషాలో ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి.